డేటా 'అమ్మకం' అంటే డబ్బు చేతులు మారడమేనా? అమెరికా రాష్ట్రాల ప్రైవసీ చట్టాల లెక్క

అమెరికాలో ఏ పెద్ద షాపింగ్ వెబ్‌సైట్ తెరిచినా పేజీ అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఒక లింకు ఉంటుంది. 'నా వ్యక్తిగత సమాచారాన్ని అమ్మొద్దు, పంచొద్దు' అని దాని అర్థం. అక్కడ ఆన్‌లైన్‌లో చిన్న వ్యాపారం నడిపే తెలుగువాళ్లకు అది చూడగానే ఒక అనుమానం వస్తుంది. "నేను అమ్మేది పచ్చళ్లు కదా, డేటా ఎప్పుడు అమ్మాను? ఈ లింకు నాకెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. 'అమ్మకం' అనే మాటకు మన వాడుకలో ఉన్న అర్థం ఒకటి, ఈ చట్టాల్లో ఉన్న అర్థం మరొకటి. పైగా ఆ అర్థం రాష్ట్రం దాటితే మారిపోతుంది. 2026 జనవరి 1న ఇండియానా, కెంటకీ, రోడ్ ఐలాండ్ చట్టాలు అమల్లోకి రావడంతో, వినియోగదారుల డేటాపై సమగ్ర చట్టం ఉన్న రాష్ట్రాలు 19 అయ్యాయి. ఫ్లోరిడాను కలిపి 20 అనేవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడా చట్టం ప్రధానంగా ఏడాదికి 100 కోట్ల డాలర్ల ఆదాయం దాటిన కంపెనీల మీదే పనిచేస్తుంది కాబట్టి చాలామంది దాన్ని పక్కన పెడతారు.

దేశం మొత్తానికి ఒకే చట్టం ఎందుకు లేదు

యూరప్‌లో 2018 నుంచి అన్ని సభ్య దేశాలకూ కలిపి జీడీపీఆర్ అనే ఒకే నిబంధన ఉంది. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అమెరికా కాంగ్రెస్ మాత్రం రంగాలవారీగా చట్టాలు చేసుకుంటూ వచ్చింది. ఆసుపత్రులు, ఆరోగ్య బీమా సమాచారానికి 1996 నాటి హిపా, బ్యాంకుల సమాచారానికి 1999 నాటి గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టం, 13 ఏళ్లలోపు పిల్లల ఆన్‌లైన్ సమాచారానికి 1998 నాటి కోపా ఉన్నాయి. మీరు ఏ చీర చూశారు, ఏ ఊరి నుంచి చూశారు, ఎంతసేపు చూసి కొనకుండా వెళ్లిపోయారు అన్నవి వీటిలో దేనికిందకూ రావు. నేటి ప్రకటనల వ్యాపారం నడిచేది సరిగ్గా ఆ సమాచారం మీదే.

ఆ ఖాళీలోకి ముందుగా అడుగు పెట్టింది కాలిఫోర్నియా. అక్కడ అలస్టెయిర్ మాక్టగార్ట్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి ప్రజల ఓటుతోనే ప్రైవసీ చట్టం తెచ్చేందుకు సంతకాలు సేకరించాడు. ఓటింగ్‌లో నెగ్గిన చట్టాన్ని తర్వాత సవరించడం చాలా కష్టం. అందుకే ఆయన ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటానంటే, బదులుగా శాసనసభే హడావుడిగా ఒక బిల్లు ఆమోదించింది. 2018 జూన్ 28న గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టారు. అదే సీసీపీఏ, అంటే కాలిఫోర్నియా వినియోగదారుల ప్రైవసీ చట్టం. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది నవంబరులో ప్రపోజిషన్ 24 పేరుతో ఓటర్లు దాన్ని ఇంకా గట్టిపరిచారు. ప్రైవసీ కోసమే ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థ కూడా అలా ఏర్పడింది.

2021లో వర్జీనియా తన చట్టం చేసింది. అది వ్యాపారాలకు కాస్త తేలికైన నమూనా. ఆ తర్వాత వచ్చిన రాష్ట్రాల్లో ఎక్కువ భాగం వర్జీనియా నమూనానే తీసుకుని తలో మార్పు చేసుకున్నాయి. ఆ మార్పుల దగ్గరే ఇప్పుడు టెన్షన్ అంతా.

ఎవరి చట్టం వర్తిస్తుంది: కొట్టు ఉన్న ఊరు కాదు, కొనేవారి ఊరు

ఈ చట్టాల్లో 'వినియోగదారు' అంటే ఆ రాష్ట్ర నివాసి. వ్యాపారం ఎక్కడ రిజిస్టర్ అయిందన్నది ముఖ్యం కాదు. ఆ రాష్ట్రంలోని వారికి అమ్ముతూ, చట్టం చెప్పిన పరిమాణం దాటితే ఆ రాష్ట్రం చట్టం వర్తిస్తుంది.

కాలిఫోర్నియాలో మూడు కొలతలు ఉన్నాయి. వార్షిక ఆదాయం 2.5 కోట్ల డాలర్లు దాటడం (ద్రవ్యోల్బణాన్ని బట్టి 2025 నుంచి ఇది 2,66,25,000 డాలర్లు), లేదా ఏడాదిలో లక్షమంది కాలిఫోర్నియా వాసుల సమాచారాన్ని కొనడం, అమ్మడం, పంచడం, లేదా ఆదాయంలో సగమైనా అలాంటి అమ్మకం, పంపకం వల్లే రావడం. మూడింటిలో ఏ ఒక్కటి దాటినా చాలు. వర్జీనియాలో ఆదాయంతో నిమిత్తం లేదు. లక్షమంది సమాచారం ఉండాలి, లేదా 25,000 మంది సమాచారం ఉండి ఆదాయంలో సగానికి పైగా దాని అమ్మకం నుంచి రావాలి. డెలావేర్, మేరీలాండ్ ఈ లక్షను 35,000కు దించాయి.

లక్ష అనగానే "మనకెందుకులే" అనిపిస్తుంది. కానీ ఆ లక్షమంది వస్తువు కొన్నవారే కానక్కర్లేదు. వెబ్‌సైట్‌కు వచ్చి చూసిన మనిషి ఫోనుకు ఒక కుకీ నంబరు (మళ్లీ వస్తే గుర్తుపట్టే గుర్తు) అంటించినా అది వ్యక్తిగత సమాచారమే. లక్షను 365తో భాగిస్తే రోజుకు 274. మీ సైట్‌లో ప్రకటనల ట్రాకర్, అంటే చూసేవారి వివరాలను ప్రకటనల కంపెనీకి పంపే కోడ్, ఉండి, కాలిఫోర్నియా నుంచి రోజుకు 274 మంది కొత్తవాళ్లు వచ్చి చూసి వెళ్తే చాలు, ఒక్కరూ రూపాయి సరుకు కొనకపోయినా గీత దాటినట్టే. 35,000 అయితే రోజుకు 96 మంది.

టెక్సస్ దారి వేరు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన చట్టంలో ఆదాయం లెక్కా లేదు, జనం లెక్కా లేదు. కేంద్ర ప్రభుత్వపు స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ నిర్వచనం ప్రకారం చిన్న వ్యాపారమైతే మినహాయింపు ఉంటుంది, లేకపోతే చట్టం వర్తిస్తుంది. ఆ మినహాయింపులోనూ ఒక మెలిక పెట్టారు. ఎంత చిన్న కొట్టయినా, మతం, ఆరోగ్యం లాంటి సున్నితమైన సమాచారాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా అమ్మకూడదు.

ఫ్రిస్కోలో ఒక పచ్చళ్ల కొట్టు అనుకుందాం

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక భార్యాభర్తలు పచ్చళ్లు, పిండివంటలు, పూజ సామగ్రి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారనుకుందాం. ఏడాది అమ్మకాలు 8 లక్షల డాలర్లు. కాలిఫోర్నియా నుంచి రోజుకు 120 మంది చూస్తారు. అందరూ కొత్తవాళ్లే అనుకున్నా ఏడాదికి 43,800. కాలిఫోర్నియా చట్టం వర్తించదు. న్యూజెర్సీ నుంచి రోజుకు 90 మంది వస్తే 32,850, డేటా అమ్మనంతవరకు అక్కడి గీత లక్ష కాబట్టి అదీ వర్తించదు. టెక్సస్‌లో చిన్న వ్యాపారం మినహాయింపు ఉండనే ఉంది. ఇంతవరకు నిశ్చింతే.

ఇప్పుడు ఒక ట్రావెల్ ఏజెన్సీ వచ్చి, "శ్రావణ మాసంలో మీ దగ్గర వ్రత సామగ్రి కొన్నవారి ఈమెయిళ్ల జాబితా ఇవ్వండి, తీర్థయాత్రల ప్యాకేజీ ప్రకటన పంపుకుంటాం, ఇంత ఇస్తాం" అంది. మన ఇళ్లలో దీన్ని తప్పుగా ఎవరూ అనుకోరు. కానీ మత విశ్వాసాన్ని వెల్లడించే సమాచారం టెక్సస్ చట్టంలో సున్నితమైనది. వరలక్ష్మీ వ్రతం కిట్ కొన్నవారి జాబితా మతాన్ని వెల్లడించడం లేదని వాదించడం కష్టం. కొలరాడో నిబంధనలైతే, మామూలు సమాచారం నుంచి ఇలా ఊహించి తీసిన సున్నిత సమాచారాన్ని కూడా పేరుపెట్టి మరీ చేర్చాయి. ఎనిమిది లక్షల డాలర్ల కొట్టు ఇప్పుడు చట్టం పరిధిలోకి వచ్చింది. వచ్చింది పరిమాణం వల్ల కాదు, ఆ ఒక్క జాబితా వల్ల.

మతం ఒక్కటే కాదు. జాతి, ఆరోగ్యం, కచ్చితమైన లొకేషన్, వేలిముద్రల వంటివి దాదాపు అన్ని రాష్ట్రాల జాబితాల్లో ఉన్నాయి. పౌరసత్వం, వలస హోదా కూడా చాలా రాష్ట్రాల్లో సున్నితమైనవే. వీసా, గ్రీన్‌కార్డు సలహాలిచ్చే సైట్లు నడిపేవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి చూసుకోవాలి. వారి ఫారంలోని మొదటి ప్రశ్నే అది కదా.

ఈ సమాచారాన్ని ఏం చేయాలన్న దగ్గర రాష్ట్రాలు మళ్లీ విడిపోతాయి. వర్జీనియా నమూనాలో ముందే అనుమతి అడగాలి. కాలిఫోర్నియాలో వాడకాన్ని పరిమితం చేయమనే హక్కు వినియోగదారుకు ఉంటుంది. యూటా, అయోవాల్లో చెప్పి, వద్దనే అవకాశమిస్తే చాలు. 2025 అక్టోబరు 1న వచ్చిన మేరీలాండ్ చట్టంలో అమ్మకం పూర్తిగా నిషిద్ధం, అనుమతి ఉన్నా సరే.

పైసా తీసుకోకుండానే 'అమ్మకం' ఎలా అవుతుంది

కాలిఫోర్నియా నిర్వచనం ప్రకారం, డబ్బు కోసం గానీ 'విలువైన మరో ప్రతిఫలం' కోసం గానీ సమాచారాన్ని వేరేవారికి ఇస్తే అది అమ్మకం. ఈ 'మరో ప్రతిఫలం' ఎంత దూరం వెళ్తుందో సెఫోరా కేసులో తెలిసింది.

సెఫోరా సౌందర్య సాధనాలమ్మే గొలుసు దుకాణం. దాని వెబ్‌సైట్‌లో బయటి కంపెనీల ట్రాకర్లు ఉన్నాయి. కొనేవారు ఏ ఫోను వాడుతున్నారు, బుట్టలో ఏం వేసుకున్నారు అన్నది ఆ కంపెనీలకు చేరేది. సెఫోరాకు డబ్బు రాలేదు. అనలిటిక్స్, లక్ష్యం చూసి ప్రకటనలిచ్చే సౌకర్యం వచ్చాయి. అదే ప్రతిఫలమని, కాబట్టి ఇది అమ్మకమని, అమ్ముతున్నట్టు చెప్పలేదని, వద్దన్నవారి మాట వినలేదని రాష్ట్ర అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) రాబ్ బొంటా ఆరోపించారు. 2022 ఆగస్టులో సెఫోరా 12 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

పచ్చళ్ల కొట్టు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఫేస్‌బుక్ ప్రకటనలు బాగా పనిచేయాలని సైట్‌లో ఎవరో ఫ్రీలాన్సర్ చేత పిక్సెల్ అనే ట్రాకర్ పెట్టించుకుంటాం. అది మన వైపు నుంచి చూస్తే ఒక సెట్టింగు. చట్టం వైపు నుంచి చూస్తే, మన ఇంటికొచ్చిన అతిథి వివరాలు మూడో మనిషికి చేరవేసి, బదులుగా ఒక సేవ పుచ్చుకోవడం.

'అమ్మకం' మీద వాదన ఎందుకని కాలిఫోర్నియా ఆ తర్వాత 'పంచడం' అనే రెండో మాట చేర్చింది. ఒక సైట్‌లో మీరు చేసిన పనిని బట్టి మరో చోట ప్రకటన చూపడానికి సమాచారం ఇస్తే, ప్రతిఫలం ఉన్నా లేకున్నా అది పంచడమే. వర్జీనియాలో అమ్మకం అంటే అచ్చంగా డబ్బే. అయినా అక్కడి వినియోగదారుకు లక్షిత ప్రకటనలు వద్దనే హక్కు విడిగా ఉంది. పేరు వేరైనా, వద్దన్నప్పుడు ట్రాకర్ ఆగాల్సిందే.

సమాచారం బయటికి వెళ్లే ప్రతి సందర్భమూ అమ్మకం కాదు. కొరియర్ కంపెనీకి చిరునామా ఇస్తాం, పేమెంట్ గేట్‌వేకు కార్డు వివరాలు వెళ్తాయి. మన పని కోసమే వాడతామని, సొంతానికి వాడుకోబోమని కాంట్రాక్టు ఉంటే వారు ప్రాసెసర్లు, కాలిఫోర్నియా మాటలో సర్వీస్ ప్రొవైడర్లు. ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారు కంట్రోలర్.

'వద్దు' అనడం ఎంత తేలికగా ఉండాలి

కాగితం మీద హక్కులు దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఒకలాంటివే. నా గురించి ఏముందో చూపించు, తప్పుంటే దిద్దు, తీసెయ్, అమ్మొద్దు. మొదటి మూడింటికి సాధారణంగా 45 రోజుల గడువు, అవసరమైతే మరో 45. అయోవా 90 రోజులిచ్చింది. శిక్షలు ఎక్కువగా పడుతున్నది మాత్రం నాలుగోదాని దగ్గరే.

బ్రౌజర్‌లో ఒకసారి పెట్టుకుంటే వెళ్లిన ప్రతి సైట్‌కూ 'అమ్మొద్దు' అని తనే చెప్పే సంకేతం ఒకటుంది. దాని పేరు గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్. కాలిఫోర్నియా, కొలరాడో, టెక్సస్, న్యూజెర్సీ సహా చాలా రాష్ట్రాల్లో ఇలాంటి సంకేతాన్ని మన్నించాలి. వర్జీనియా, ఇండియానా, కెంటకీల్లో ఆ బాధ్యత లేదు. సెఫోరా మీద వచ్చిన ఆరోపణల్లో ఈ సంకేతాన్ని పట్టించుకోకపోవడం ఒకటి. 2027 జనవరి నుంచి బ్రౌజర్లే ఈ సౌకర్యం ఇవ్వాలని కాలిఫోర్నియా 2025లో మరో చట్టం చేసింది.

2025 మార్చిలో హోండా కేసు ఇంకా సూక్ష్మమైనది. కుకీలన్నిటికీ ఒప్పుకోవడానికి ఒక క్లిక్కు, వద్దనడానికి రెండు. 'అమ్మొద్దు' అని చెప్పడానికి అవసరం లేని వ్యక్తిగత వివరాలు కూడా అడిగారు. జరిమానా 6,32,500 డాలర్లు. ఒక్క క్లిక్కు తేడాకు ఇంతా అనిపించవచ్చు. కానీ ఆ ఒక్క క్లిక్కు దగ్గరే లక్షలమంది విసుగొచ్చి వదిలేస్తారని డిజైన్ చేసేవారికి తెలుసు, అందుకని నాకు ఈ పట్టింపు సబబుగానే తోస్తుంది.

అదే ఏడాది మే నెలలో టాడ్ స్నైడర్ అనే దుస్తుల కంపెనీకి 3,45,178 డాలర్ల జరిమానా పడింది. సైట్‌లో కుకీలు వద్దనే సాధనం 40 రోజులు పనిచేయలేదు. ఆ సాధనం బయటి వెండర్‌ది. వెండర్‌కు అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదని కాలిఫోర్నియా ప్రైవసీ సంస్థ తేల్చింది. బ్యానర్ పెట్టించి మళ్లీ దాని వంక చూడని వ్యాపారాలు కోకొల్లలు. నిజంగా కాంప్లయన్స్, అంటే చట్టాన్ని పాటించడం అంటే, వద్దు అని నొక్కాక ట్రాకర్ ఆగిందో లేదో మధ్యమధ్యలో ఎవరో ఒకరు కూర్చుని చూసుకోవడం.

కోర్టుకు ఎవరు వెళ్లాలి అన్న దగ్గర అసలు పోట్లాట

దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఈ సమగ్ర చట్టాల కింద కేసు వేయగలిగేది అటార్నీ జనరలే. నష్టపోయిన మనిషి స్వయంగా వేయలేడు. కాలిఫోర్నియా డేటా లీకు విషయంలో మాత్రం ఆ హక్కు ఇచ్చింది, మనిషికి ఒక్కో ఘటనకు 100 నుంచి 750 డాలర్లు అని చట్టంలో రాసి. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఇప్పుడు కాస్త పెరిగింది. పదివేల మంది వివరాలు బయటపడితే కనీస లెక్కే పది లక్షల డాలర్లు.

ఈ హక్కును అందరికీ, అన్ని ఉల్లంఘనలకూ ఇవ్వాలని పౌర హక్కుల సంఘాలు అంటాయి. రాష్ట్రమంతటికీ ఒక్క అటార్నీ జనరల్ ఆఫీసు ఎన్ని కంపెనీలను చూడగలదు అన్నది వారి ప్రశ్న. వ్యాపార సంఘాలు ఇలినాయి వైపు వేలు చూపిస్తాయి. అక్కడ 2008 నాటి బయోమెట్రిక్ చట్టం కింద ఎవరైనా కేసు వేయవచ్చు, ఉల్లంఘనకు నిర్లక్ష్యమైతే 1,000, కావాలని చేస్తే 5,000 డాలర్లు. ముఖాలను గుర్తుపట్టి ఫొటోలకు పేర్లు సూచించినందుకు ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లతో రాజీ పడింది. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, వేలిముద్రల హాజరు యంత్రం పెట్టుకున్న చిన్న యజమాని ఎలా తట్టుకుంటాడన్నది వీరి మాట. 2024లో వెర్మాంట్ శాసనసభ పౌరులకు కొంతమేర ఆ హక్కునిచ్చే బిల్లు ఆమోదిస్తే, గవర్నర్ ఫిల్ స్కాట్ వీటో చేశారు. ఆ హక్కు కూడా ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి.

తప్పు దిద్దుకునే గడువు మరో పేచీ. వర్జీనియా, టెక్సస్‌లలో నోటీసు వచ్చాక 30 రోజుల్లో సరిచేసుకుంటే కేసు ఉండదు. కొలరాడోలో అలాంటి గడువు 2025 ఆరంభంతో ముగిసింది. చిన్నవాళ్లకు అది ఊరట అని ఒకరంటే, పట్టుబడేదాకా ఏమీ చేయకుండా కూర్చోవచ్చని చెప్పడమే అని మరొకరంటారు. రెండూ నిజమే, అది వ్యాపారి మనసును బట్టి ఉంటుంది.

ఇన్ని తేడాలకు బదులు ఒకే జాతీయ చట్టం ఉంటే మేలు కదా? 2022 జూలైలో అలాంటి బిల్లు ప్రతినిధుల సభ కమిటీలో 53-2 ఓట్లతో నెగ్గింది. అయినా సభలో ఓటింగ్ దాకా రాలేదు. జాతీయ చట్టం రాష్ట్రాల చట్టాలను కొట్టేస్తే తమ ప్రజలకు ఇప్పుడున్న రక్షణ తగ్గుతుందని కాలిఫోర్నియా అడ్డుచెప్పింది. కొట్టేయకపోతే ఇంకో చట్టం కలిసినట్టే, మాకు ఒరిగేదేమిటని వ్యాపారాలు అన్నాయి. 2024లో మళ్లీ ఒక ప్రయత్నం జరిగి జూన్‌లో కమిటీ దగ్గరే ఆగిపోయింది.

ఈ 45 రోజులు హైదరాబాద్ దాకా ఎలా వస్తాయి

అమెరికా కంపెనీల డేటా మీద పనిచేసే వేలాదిమంది మాదాపూర్, గచ్చిబౌలిలలో ఉన్నారు. వారి కంపెనీలు చాలావరకు ప్రాసెసర్లు. మన 2023 చట్టం, విదేశీ కంపెనీతో కాంట్రాక్టు మీద విదేశాల్లోని వారి డేటాను ఇక్కడ చూసే సంస్థలకు చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చింది. డేటాను భద్రంగా ఉంచే బాధ్యత మాత్రం పోలేదు. కాబట్టి ఇక్కడివారి మెడ మీద ఉండేది ముఖ్యంగా క్లయింటు కాంట్రాక్టు, అందులో ఇమిడివున్న ఆ రాష్ట్రాల చట్టాలు.

ఒక ఉదాహరణ. కొలరాడోలోని ఒక కస్టమర్ మార్చి 1న 'నా వివరాలన్నీ తీసెయ్యండి' అని అడిగింది. డెన్వర్‌లోని కంపెనీ ఆ విన్నపాన్ని పరిశీలించి, మార్చి 20న హైదరాబాద్ టీముకు టికెట్ పెట్టింది. ఇక్కడివాళ్లు అసలు డేటాబేసులో ఆ వరుస తీసేసి టికెట్ మూసేశారు. కానీ ఆరు నెలల క్రితం టెస్టింగ్ కోసం ప్రొడక్షన్ డేటాను (కస్టమర్ల అసలు వివరాలను) యథాతథంగా కాపీ చేసుకున్న సర్వర్ ఒకటుంది. ఒక రిపోర్టు కోసం తీసిన ఎక్సెల్ ఫైలు ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంది. కొంత పని అప్పగించిన సబ్‌కాంట్రాక్టరు దగ్గర మరో కాపీ ఉంది. ఆ మూడు చోట్లా ఆమె పేరు, ఫోను నంబరు అలాగే ఉన్నాయి. చట్టం కోరేది ఆ చివరి కాపీల దాకా వెళ్లడం. సబ్‌కాంట్రాక్టరును కూడా అవే షరతులతో కట్టివేయాలని ఈ చట్టాలు ప్రాసెసర్లకు చెబుతున్నాయి.

గడువు లెక్క టికెట్ హైదరాబాద్ చేరిన మార్చి 20 నుంచి మొదలుకాదు. ఆమె అడిగిన మార్చి 1 నుంచి మొదలైంది. 45వ రోజు ఏప్రిల్ 15. టెస్ట్ సర్వర్, ఎక్సెల్ ఫైలు, సబ్‌కాంట్రాక్టరు కాపీ, ఈ మూడింటినీ వెతికి తీసేయడానికి ఇక్కడివారికి మిగిలింది 26 రోజులు.